సమాధుల రిజిస్టరు రాసిన సర్ ఫేబియన్ వేర్



ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవిత విశేషాలు రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగలిగిన మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఖజానా శాఖలో పింఛను రిజిస్టర్ల మధ్య సర్వీసంతా గడిపినవాణ్ణి. అందుచేత రిజిస్టరు రాయడమే జీవితకార్యంగా పెట్టుకొని పేరు తెచ్చుకున్న ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన సర్ ఫేబియన్ వేర్. యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధులకు లెక్క రాసి, శ్మశానవాటికలు కట్టించి, అవి ఎప్పటికీ పాడుపడకుండా ఒక ఏర్పాటు చేసి వెళ్ళినవాడు.

ఎల్.టి.సి. మీద ఢిల్లీ వెళ్ళి ఇండియా గేటు ముందు ఫొటో దిగని ఉద్యోగి మనలో అరుదు. ఆ గోడల మీద చెక్కిన పేర్లను దగ్గరకు వెళ్ళి చదివినవారు మాత్రం తక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలోను, 1919 అఫ్గాన్ యుద్ధంలోను అసువులు బాసిన వారి పేర్లు అక్కడ 13,000కు పైగా ఉన్నాయి. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో ప్రారంభమైన ఆ కట్టడానికి నమూనా గీసిన లుట్యెన్స్, వేర్ గారి కమిషన్‌కు ముఖ్య వాస్తుశిల్పుల్లో ఒకరు. చనిపోయిన సిపాయి పేరు రాయిమీద ఉండాలన్న పట్టుదల అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే వేర్ కథ తెలియాలి.

ఫేబియన్ వేర్ 1869 జూన్ 17న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం క్లిఫ్టన్‌లో పుట్టారు. ప్యారిస్ విశ్వవిద్యాలయంలో చదివి 1894లో సైన్సు పట్టా పుచ్చుకున్నారు. సుమారు పదేళ్ళు బడిపంతులుగా పనిచేశారు. 1901లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌కు వెళ్ళి విద్యాశాఖలో పెద్ద బాధ్యతలు చూశారు. 1905లో లండనుకు తిరిగివచ్చి మార్నింగ్ పోస్ట్ అనే దినపత్రికకు సంపాదకుడై, 1911లో ఆ ఉద్యోగం వదిలారు. ఆ తరువాత ఒక గనుల కంపెనీలో చేరారు. అంటే నలభై అయిదేళ్ళు వచ్చేసరికి పంతులుగిరీ, సర్కారు కొలువు, పత్రిక, కంపెనీ అన్నీ చూసేశారు. ఆయన పేరు నిలబెట్టిన పని మాత్రం అప్పటికి మొదలే కాలేదు.

1914లో యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరదామంటే వయసు మీరిందన్నారు. తెలిసిన పెద్దమనిషి లార్డ్ మిల్నర్ మాటసాయంతో రెడ్‌క్రాస్ వారి అంబులెన్సు బృందం ఒకదానికి అధిపతిగా 1914 సెప్టెంబరులో ఫ్రాన్సుకు వెళ్ళారు. గాయపడినవారిని మోటారు కార్లలో ఆసుపత్రికి చేర్చడం ఆయనకు అప్పగించిన పని. ఆ పనిమీద తిరుగుతుండగా ఆయన కంటబడింది ఒక సంగతి. పొలాల గట్లమీద, చర్చి గోడల వెంట, కందకాల పక్కన ఎక్కడ పడితే అక్కడ గోతులు తీసి సైనికులను పూడ్చుతున్నారు. మీద ఒక చెక్కముక్క, దానిమీద పెన్సిలుతో పేరు. నాలుగు వానలకు ఆ పేరు చెరిగిపోతుంది. ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసుకునే బాధ్యత ఏ కార్యాలయానికీ లేదు.

ఇది ఎవరి సీటు పనో తెలియనప్పుడు కాగితం ఎలా మూలపడుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. వేర్ ఆ కాగితాన్ని తన బల్లమీదికి లాక్కున్నారు. తన బృందం వారితో సమాధులు వెదికించి, ఒక్కొక్కదానికి గట్టి గుర్తు పెట్టించి, పేరు, నెంబరు, పటాలం, చోటు వివరంగా రిజిస్టరులో ఎక్కించడం మొదలుపెట్టారు. 1915లో సైన్యం ఆ పనిని అధికారికంగా గుర్తించి ఆయన బృందాన్ని తనలో కలుపుకుంది. ఆ అక్టోబరుకు 31,000 సమాధులు, 1916 మే నెలకు 50,000 సమాధులు రిజిస్టరుకెక్కాయి. ఇళ్ళనుంచి తల్లులు, భార్యలు రాసిన ఉత్తరాలకు జవాబులు పంపడం, అడిగినవారికి సమాధి ఫొటో తీయించి పంపడం కూడా ఆ కార్యాలయమే చేసింది.

ఇంకో చిక్కు ఉండేది. సైనికుని మెడలో పేరున్న బిళ్ళ ఒక్కటే. అతను చనిపోతే చావు కబురు ధ్రువపరచడానికి ఆ బిళ్ళ తీసేసేవారు. తరువాత ఆ దేహాన్ని గుర్తుపట్టే దారి ఉండేది కాదు. 1916 నుంచి రెండు బిళ్ళలు ఇచ్చారు. ఎర్రది తీసుకుని కార్యాలయానికి పంపడానికి, ఆకుపచ్చది దేహంతోనే ఉంచడానికి. వేల కుటుంబాలకు తమ బిడ్డ ఎక్కడున్నాడో తెలియడానికి ఈ చిన్న మార్పు ఉపకరించింది.

సమాధులున్న నేల పరాయి దేశపు రైతుది. యుద్ధం అయ్యాక అతను దున్నుకుంటానంటే కాదనేదెవరు? దీనికి వేర్ ఫ్రెంచి ప్రభుత్వంతో మాట్లాడారు. 1915 డిసెంబరు 29న ఫ్రాన్సు ఒక చట్టం చేసి, ఆ నేలను తమ ఖర్చుతో సేకరించి శాశ్వతంగా శ్మశానవాటికలకు వదిలింది.

ఇక ఆయన పట్టుబట్టిన రెండు సూత్రాలు చెప్పాలి. మొదటిది, దేహాలను స్వదేశానికి తీసుకుపోరాదు. 1915లో మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ మనుమడు యుద్ధంలో చనిపోతే, పలుకుబడి ఉన్నవారు కాబట్టి దేహాన్ని ఇంటికి తెప్పించుకున్నారు. బొగ్గుగని కూలివాడి తల్లికి ఆ అవకాశం ఏదీ? డబ్బున్నవారికి ఒక న్యాయం, లేనివారికి ఒక న్యాయం కూడదని వేర్ అభ్యంతరం చెప్పారు. ఆ ఏడాదే దేహాల తరలింపును నిషేధించారు. రెండవ సూత్రం, అందరికీ ఒకే రకం రాయి. జనరల్ అయినా జవాను అయినా ఒకే కొలత, పక్కపక్కనే చోటు.

1917 మే 21న రాజశాసనం ద్వారా ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. యువరాజు అధ్యక్షుడు, వేర్ ఉపాధ్యక్షుడు. బ్రిటిష్ మ్యూజియం అధిపతి ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో నివేదిక ఇచ్చారు. రాతి ఫలకం ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు. దానిమీద పటాలం గుర్తు, హోదా, పేరు, చనిపోయిన తేదీ, మతచిహ్నం. అడుగున ఇంటివారు కోరుకున్న మాట 66 అక్షరాలకు మించకుండా. లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్, బ్లోమ్‌ఫీల్డ్ నమూనాలు గీశారు. కవి కిప్లింగ్ శాసనాల మాటలు సమకూర్చారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు 1915లో లూస్ యుద్ధంలో చనిపోయాడు. తండ్రి బతికుండగా ఆ అబ్బాయి సమాధి జాడ తెలియనే లేదు.

ఈ సూత్రాలకు ఇంగ్లండులో గట్టి వ్యతిరేకత వచ్చింది. మా బిడ్డ, మా దేహం, మాకు నచ్చినట్టు సిలువ పెట్టుకోనివ్వరా అని వేలాది తల్లిదండ్రులు అర్జీ పెట్టారు. వారి బాధలో న్యాయం లేదనడానికి వీల్లేదు. ప్రభుత్వం బిడ్డను తీసుకుపోయింది, చచ్చాక కూడా తిరిగి ఇవ్వనంటున్నది. 1920 మే 4న పార్లమెంటులో ఈ విషయం వాదనకు వచ్చింది. వేర్ సభ్యుడు కాదు, అక్కడ మాట్లాడలేరు. ఆయన వైపున్న సభ్యులు, ముందుగా కూర్చి పెట్టుకున్న సమాచారంతో పేదవారి తరఫున వాదించారు. ఓటింగు అవసరం లేకుండానే కమిషన్ మాట నెగ్గింది.

అక్కడినుంచి అసలు పని. 1918 నాటికే గుర్తించిన సమాధులు 5,87,000, సమాధి జాడ తెలియని వారు 5,59,000. విడివిడిగా ఉన్న సమాధులను తవ్వి పెద్ద శ్మశానవాటికలకు చేర్చారు. ముందుగా ఫ్రాన్సులో మూడుచోట్ల నమూనాగా కట్టి, వాటిలో బాగా కుదిరిన ఫోర్స్‌విల్‌ను చూసి మిగతావి కట్టారు. 1923 నాటికి వారానికి 4,000 ఫలకాలు ఓడల్లో ఫ్రాన్సుకు వెళ్ళేవి. దేహం దొరకని వారికి గోడలమీద పేర్లు. 1927లో ఈప్రా పట్టణపు మెనిన్ గేటు మీద 54,000కు పైగా, 1932లో థియెప్‌వాల్‌లో 72,000కు పైగా పేర్లు చెక్కారు.

కట్టడం ఒక ఎత్తు, కాపాడడం ఒక ఎత్తు. మన ఊళ్ళలో ఆర్భాటంగా ప్రారంభమైన స్తూపాలు పదేళ్ళకు పిచ్చిచెట్లు మొలిచి ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నాం. వేర్ దీన్ని ముందే ఊహించారు. లండను క్యూ ఉద్యానవనం నిపుణుని పిలిపించి ఏ నేలలో ఏ మొక్క బతుకుతుందో రాయించారు. తోటమాలుల దళాలు పెట్టారు. ఖర్చును సభ్యదేశాలు తమ తమ సమాధుల సంఖ్యనుబట్టి పంచుకునే పద్ధతి కుదిర్చారు. అదే పద్ధతి నేటికీ నడుస్తున్నది. సింహభాగం బ్రిటన్‌ది. మన దేశం కూడా సభ్యురాలై తన వంతు చెల్లిస్తున్నది. 1960లో పేరు మారి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయిన ఆ సంస్థ నేడు 150కి పైగా దేశాల్లో, సుమారు 23,000 చోట్ల, 17 లక్షల మంది స్మృతిని కాపాడుతున్నది.

దీన్ని మనకు దగ్గరలోనే చూడవచ్చు. చెన్నై నందంబాక్కంలో ఉన్న మద్రాసు వార్ సిమెట్రీని నేను మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. దక్షిణ, తూర్పు భారతంలో అక్కడక్కడా పాత శ్మశానాల్లో ఉండి, ఎల్లకాలం చూసే దిక్కులేని రెండో యుద్ధకాలపు సమాధులను చేర్చడానికి 1952లో దాన్ని ఏర్పాటు చేశారు. 850కి పైగా సమాధులున్నాయి. వెనుకవైపు గోడమీద, దేశంలో వేర్వేరుచోట్ల మట్టిలో కలిసిన మొదటి యుద్ధకాలపు వెయ్యిమందికి పైగా పేర్లు. గడ్డి కత్తిరించి ఉంది. రాళ్ళు వరుస తప్పలేదు. ఒక తోటమాలి ఫలకం అడుగున అంచుల వెంట మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించాడు. అతని చేతిలో ఉన్నది వేర్ మొదలుపెట్టిన పనే కదా అనిపించింది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక చెప్పవలసిన చేదు నిజం ఒకటుంది. దాన్ని దాచి మహనీయుని కథ రాయడం న్యాయం కాదు.

ఫ్రాన్సులో మన సిపాయిలకు వేర్ కమిషన్ మర్యాద చేసింది. హిందువులకు, సిక్కులకు దహనం, ముస్లింలకు ఖననం అన్న ఆచారభేదాన్ని గౌరవించింది. 1927లో నవ్‌షాపెల్‌లో ప్రారంభించిన భారతీయ స్మారకం మీద 4,700కు పైగా మనవాళ్ళ పేర్లున్నాయి. కానీ యూరప్ దాటగానే సూత్రం సడలింది. మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, 1929లో బస్రా స్మారకం ప్రారంభించినప్పుడు బ్రిటిష్ వారందరి పేర్లూ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిలను పటాలం పేరు కింద ఒక అంకెగా వేశారు. ఆ యుద్ధరంగంలో మన తెలుగువారు పనిచేసిన మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ దళం కూడా ఉంది. తూర్పు ఆఫ్రికాలో మరీ ఘోరం. బరువులు మోసి ప్రాణాలు విడిచిన నల్లజాతి కూలీలకు సమాధీ లేదు, పేరూ లేదు. వారందరికీ కలిపి మూడుచోట్ల విగ్రహాలు నిలిపి ఊరుకున్నారు. అక్కడి వారికి సమాధి ఫలకం అర్థం కాదని వలస అధికారులు చెబితే కమిషన్ తలూపింది. ఆ కమిషన్‌ను నడిపించినది వేర్ గారే కనుక ఆ పాపంలో ఆయనకూ భాగం ఉంది.

ఈ సంగతి చాలాకాలం మరుగున ఉండి, 2019లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ సమర్పించిన టెలివిజన్ చిత్రంతో బయటపడింది. కమిషనే ఒక సంఘాన్ని వేసి విచారణ జరిపించింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన నివేదిక ప్రకారం, ఆసియా, ఆఫ్రికాలకు చెందిన 45,000 నుంచి 54,000 మందికి సమానంగా స్మారకం దక్కలేదు. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గాని అసలే గాని స్మరణకు నోచుకోలేదు. కమిషన్ క్షమాపణ చెప్పుకుంది. బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

నూరేళ్ళ తరువాత రాయిమీద పేరు ఉంటే ఏమి, లేకపోతే ఏమి అని కొందరు మిత్రులు అడగవచ్చు. నా సర్వీసులో చూసిన ఒక విషయం చెబుతాను. ఒక మాజీ జవాను భార్య, డెబ్భై దాటిన మనిషి, కుటుంబ పింఛను కోసం వచ్చేది. సైన్యం కాగితంలో ఆమె పేరు ఒక రకంగా, రేషన్‌కార్డులో ఇంకో రకంగా ఉంది. ఏదో ఒక కార్యాలయంలో ఎప్పుడో ఎవరో ఒక అక్షరం తప్పు రాశారు. దాన్ని దిద్దించడానికి రెండేళ్ళు పట్టింది. చివరికి మంజూరు పత్రం చేతికిచ్చినప్పుడు ఆమె మొత్తం ఎంతో అడగలేదు. బాబూ, ఇందులో ఆయన పేరు సరిగ్గా ఉందా, ఒకసారి చదివి వినిపించు అన్నది. చదివాను. తల ఊపి, కాగితం కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది. పేరు విలువ ఏమిటో నాకు ఆమె దగ్గర తెలిసినట్టు ఏ పుస్తకంలోనూ తెలియలేదు. బస్రా గోడమీద అంకెగా మిగిలిపోయిన ప్రతి సిపాయికీ ఇలాంటి ఇల్లాలో, తల్లో ఉండే ఉంటుంది.

వేర్ జీవితం చివరి భాగం చెప్పి ముగిస్తాను. 1939లో మళ్ళీ యుద్ధం వచ్చింది. డెబ్భై ఏళ్ళ వయసులో ఆయన మళ్ళీ సమాధుల నమోదు బాధ్యత చేపట్టారు. ఈసారి బాంబులకు చనిపోతున్నవారిలో మామూలు జనం, ఆడవారు, పిల్లలు ఉన్నారు. వారి పేర్లు కూడా రాయాలని పట్టుబట్టి 1941లో కమిషన్‌కు ఆ అధికారం సంపాదించారు. సుమారు 67,000 మంది పేర్లతో ఆ పట్టిక పుస్తకాలు లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఉన్నాయి. 1948లో పదవీవిరమణ చేశారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్ళు. విశ్రాంతి జీవితం ఏడాదైనా అనుభవించకుండా 1949 ఏప్రిల్ 28న గ్లాస్టర్‌లో కన్నుమూశారు. ఆంబర్లీ అనే పల్లెలోని చర్చి ఆవరణలో సమాధి చేశారు. సర్ బిరుదు, మేజర్ జనరల్ హోదా ఉన్నా, ఆయన తలాపున ఉన్నది కమిషన్ అందరికీ పెట్టే తరహా రాతి ఫలకమే. దాన్నీ ఆ కమిషనే చూసుకుంటున్నది.

ఆ రిజిస్టరు ఇంకా మూసివేయలేదు. 2010లో ఫ్రాన్సులోని ఫ్రొమెల్‌లో, సామూహిక గోతుల్లో బయటపడిన 250 మంది కోసం కొత్త శ్మశానవాటిక కట్టారు. నేటికీ రోడ్లు, ఆసుపత్రులు కట్టేటప్పుడు ఎముకలు బయటపడుతూనే ఉన్నాయి. అందుకని లూస్‌లో పాత శ్మశానవాటికను విస్తరించి, 1,200 మందికి దాకా చోటు ఉండేలా 2024లో ప్రారంభించారు. ఇంగ్లండులో బ్రైటన్ దగ్గర 53 మంది హిందూ, సిక్కు సిపాయిలను దహనం చేసిన చోట 1921లో కట్టిన ఛత్రి మీద వారి పేర్లు లేవు. 2010లో పక్కనే రాయి నిలిపి 53 పేర్లూ చెక్కారు. 2025 జనవరిలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 1,772 మంది నల్లజాతి కూలీదళం వారికి, ఒక్కొక్కరి పేరుతో స్మారకం వెలిసింది. ఆలస్యమైనా పేర్లు ఎక్కుతున్నాయి.

మిత్రులకు ఒక మనవి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఇంటింటా సిపాయిలున్న ఊరని, మిలిటరీ మాధవరం అని మనకందరికీ తెలుసు. అంత పేరు లేకపోయినా, తాతలో ముత్తాతలో 1914లోనో 1939లోనో పటాలంలో చేరి తిరిగిరాని ఇళ్ళు మన సభ్యుల్లోనూ ఉండవచ్చు. పాత ట్రంకుపెట్టెల్లో పతకం, డిశ్చార్జి కాగితం, పటాలం నెంబరు ఉన్న ఉత్తరం దొరికితే పారవేయకండి. పేరు, నెంబరు, పటాలం శుభ్రంగా ఒక కాగితం మీద రాసి పెట్టండి. కమిషన్ వారి జాబితాలో ఆ పేరు ఉందో లేదో మీ మనుమలచేత వెదికించండి. లేకపోతే ఆధారాలతో రాయండి, ఇలాంటి పేర్లను కమిషన్ పరిశీలించి చేరుస్తున్నది. ఉత్తరం రాయడంలో సాయం కావలసినవారికి, మన సంఘం కార్యాలయంలో కూర్చుని రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

సెలవు.